ఫలం తెలియని వైద్యం

రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీ రిపోర్టులో తేలిన రోజున ఇంట్లో రెండు ప్రశ్నలు పుడతాయి. ఎందుకొచ్చింది అన్నది ఒకటి, ఇప్పుడేం చెయ్యాలి అన్నది రెండోది. మొదటిది వెనక్కి చూస్తుంది, రెండోది ముందుకి. మొదటిదానికి జవాబు దొరికితేగాని రెండోది తేలదా అన్న విషయం మీద మతాలూ దర్శనాలూ చాలాకాలంగా వాదించుకుంటూనే ఉన్నాయి. ఈ జబ్బు ఆ వాదాన్ని మరీ ఇరుకున పెడుతుంది. స్నానం చేస్తూ ఒళ్లు రుద్దుకుంటుంటే శనగగింజంతో, రేగుపండంతో గట్టిగా ఏదో చేతికి తగులుతుంది. నొక్కితే నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని నెలలు గడిచిపోతాయి. చివరికి ఒంట్లో బాధ లేదు, చేసిన తప్పు ఫలానా అని చెప్పడానికీ లేదు, చేతిలో మాత్రం ఒక కాగితం ఉంటుంది. కారణం కనబడని చోట మనిషి కర్మను వెతుక్కుంటాడు.

కర్మ అంటే సంస్కృతంలో చేసిన పని. తెలుగులో దానికి ఒత్తు పడి ‘ఖర్మ’ అయ్యేసరికి చేయగలిగిందేమీ లేదన్న అర్థం వచ్చి కూర్చుంది. పని అన్న మాటే పని మానుకోవడానికి సాకైన తీరు ఇది. ‘రాసిపెట్టి ఉంది’, ‘ప్రారబ్ధం’, ‘ఏ జన్మలో ఏం చేసుకున్నామో’ అనే మాటలన్నీ చూడవచ్చిన బంధువుల నోట పరామర్శగానే వస్తాయి. వినేవాళ్ల చెవిలో మాత్రం అవి తీర్పులా పడతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో దాదాపు 1,92,000 మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా బయటపడింది. వీళ్లందరి పూర్వజన్మల్లోనూ పాపాలు వెతకాలంటే చిత్రగుప్తుడికైనా లెక్క తెగదు.

కర్మ సిద్ధాంతం పుట్టిన నేల మీదే దానికి హద్దులు గీసినవాళ్లున్నారు. చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువైన ఆత్రేయుణ్ని సూటిగా అడుగుతాడు: మనిషి ఆయుర్దాయం ముందే నిర్ణయమైపోయి ఉంటుందా, ఉండదా? ఆయుర్దాయం దైవం, పురుషకారం రెండింటి మీదా ఆధారపడుతుందంటాడు ఆత్రేయుడు. వెనకటి దేహంతో చేసింది దైవం, ఈ దేహంతో చేసేది పురుషకారం. ఆ రెంటిలో ఏది బలంగా ఉంటే అది రెండోదాన్ని అణుస్తుంది. గమనించవలసింది ఏమిటంటే, ఈ లెక్కలో దైవం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. అదీ ఒకప్పటి పనే, కాకపోతే పాతబడిన పని. అంతా నిర్ణయమైపోయి ఉంటే మందులెందుకు, శాంతులెందుకు, మదించిన ఏనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడమెందుకు అని కూడా ఆత్రేయుడు అడుగుతాడు. తర్వాత బండి ఇరుసును చూపిస్తాడు. మంచి ఇరుసు దాని కాలమంతా నడిచి అరుగుతుంది. బరువు ఎక్కువ వేసినా, గతుకుల దారిన తోలినా అదే ఇరుసు నడిమధ్యలో విరుగుతుంది. అలా విరగడం ఇరుసు నొసటన రాసి ఉందని బండివాడెవడూ అనుకోడు.

బుద్ధుడు ఇంకా తెగేసి చెప్పాడు. సంయుత్తనికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలాలేనంటున్నారు, నిజమేనా అని అడిగితే, బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెడతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి రావడం, ఋతువు మారడం, అజాగ్రత్త, దెబ్బలు తగలడం. కర్మది ఎనిమిదో చోటు. అన్నిటికీ కర్మే కారణమనేవాళ్లు లోకం కళ్లారా చూస్తున్నదాన్ని దాటిపోతున్నారని ఆయన అభిప్రాయం. బైబిల్లో యోబు స్నేహితులు ముగ్గురూ అతని పుండ్లకు అతని పాపమే కారణమని అధ్యాయాలకొద్దీ వాదిస్తారు, చివర్లో దేవుడు కోపగించేది వాళ్ల మీదనే. ఖలీఫా ఉమర్ సిరియాలో ప్లేగు ఉందని విని దారిలోనుంచే తన పరివారాన్ని వెనక్కి తిప్పినప్పుడు, అల్లా నిర్ణయం నుంచి పారిపోతున్నావా అని సేనాని అబూ ఉబైదా అడిగాడు. అల్లా నిర్ణయం నుంచి అల్లా నిర్ణయంలోకే వెళ్తున్నానని ఉమర్ జవాబు. పచ్చిక ఉన్న పక్కన ఒంటెల్ని మేపినా, ఎండిన పక్కన మేపినా అది దైవాజ్ఞ లోపలే కదా అని ఆయన తర్కం. ఇన్ని సంప్రదాయాలు ఇన్ని వైపుల నుంచి వచ్చి ఒకే చోట కలవడం యాదృచ్ఛికంగా కనబడదు. రోగి పక్కన కూర్చున్నవాళ్లెవరూ మొదటి ప్రశ్నను చాలాసేపు పట్టుకుని ఉండలేరు.

చదువుకున్న ఇళ్లలో కర్మ మాట వినబడకపోవచ్చు. దాని కుర్చీలో ఇంకొకటి కూర్చుంటుంది. ప్లాస్టిక్ డబ్బాల్లో అన్నం తిన్నందుకు, పిల్లలకు పాలివ్వనందుకు, ఉద్యోగంలో ఒత్తిడి పెట్టుకున్నందుకు, ‘అన్నీ మనసులోనే దాచుకునే మనిషి’ అయినందుకు వచ్చిందంటారు. అమెరికన్ రచయిత్రి సూసన్ సోంటాగ్‌కు 1975లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. రోగి స్వభావమే రోగమైందనే ఈ ధోరణిని 1978లో ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ అనే పుస్తకంలో ఆమె ఎండగట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం, ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి స్త్రీ కావడం, వయసు పెరగడం తప్ప ప్రత్యేకించి చెప్పదగ్గ కారణమేదీ ఉండదు. వంశపారంపర్య జన్యువుల వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10. ధైర్యంగా ఉంటే తగ్గిపోతుందన్న మాటలోనూ చిన్న ముల్లుంది. ధైర్యం రోజులు గడవడాన్ని తేలిక చేస్తుంది, గడ్డను కరిగించదు. రేపు జబ్బు తిరగబెడితే ధైర్యం చాలలేదన్న నింద మళ్లీ ఆమె మీదికే వస్తుంది. కొత్త పేరు పెట్టుకున్న ఖర్మే ఇది.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ సంప్రదాయం ఇచ్చే సలహా ఒకటి అందరికీ తెలుసు: అప్పు, అగ్ని, శత్రువు, రోగం వీటిలో శేషం మిగల్చకూడదు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చరిత్రంతా ఈ శేషం చుట్టూనే తిరిగింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని కింద ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవారు. జబ్బు గడ్డ దగ్గర మొదలై నీటిలో అలలా చుట్టుపక్కలకు పాకుతుందనీ, పాకిన మేరకన్నా కాస్త ఎక్కువే కోస్తే శేషం ఉండదనీ నమ్మకం. ఆపరేషన్ తర్వాత ఛాతీ మీద పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, చెయ్యి వాచిపోయేది, అయినా దాదాపు 80 ఏళ్లు ఇదే ప్రామాణికమైన వైద్యంగా నడిచింది.

బెర్నార్డ్ ఫిషర్ అనే పిట్స్‌బర్గ్ సర్జన్ ఈ నమ్మకాన్నే అనుమానించాడు. చాలామందిలో గడ్డ చేతికి తగిలేనాటికే కణాలు రక్తంలోకి చేరి ఉంటాయని, అలాంటప్పుడు కత్తి ఎంత వెడల్పున తిరిగినా ఆయుష్షులో తేడా ఉండదని అతని వాదన. మాటలతో ఊరుకోక 1976లో 1,851 మంది స్త్రీలతో పరీక్ష మొదలుపెట్టాడు. కొందరికి రొమ్ము మొత్తం తీశారు, కొందరికి గడ్డ మాత్రమే తీశారు, ఇంకొందరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసి అంతకు మూడేళ్ల ముందు నుంచే 701 మందితో అలాంటి పరీక్షే నడిపాడు. రెండింటి 20 ఏళ్ల ఫలితాలూ 2002లో వచ్చాయి. రొమ్ము ఉంచినవాళ్లూ తీయించుకున్నవాళ్లూ ఒకే లెక్కన బతికారు. అయితే ఫిషర్ పరీక్షలో రేడియేషన్ లేకుండా గడ్డ మాత్రమే తీసినవాళ్లలో నూటికి 39 మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది, రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 14 మందికి.

ఈ లెక్కలు తెలిసిన తర్వాత కూడా చాలామంది ‘మొత్తం తీసేయండి, పీడా పోతుంది’ అంటారు. అది అజ్ఞానమని కొట్టిపారేయడం పొరపాటు. రొమ్ము ఉంచుకోవాలంటే రేడియేషన్ కావాలి. రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఆరు వారాలు. మారుమూల మండలం నుంచి హైదరాబాద్‌కో విశాఖకో వచ్చి, ఆస్పత్రి దగ్గర గది అద్దెకు తీసుకుని, ఇంటి దగ్గర పిల్లల్నీ గొడ్లనీ ఎవరికో అప్పగించి ఉండాలి. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం వైద్యం ఖర్చు భరించినా గది అద్దె భరించదు. ఇవన్నీ చూసుకుని మొత్తం తీయించుకోవడం చక్కని నిర్ణయమే కావచ్చు. శేషం మిగలదన్న హామీతో తీయించుకుంటే మాత్రం ఆ హామీ ఎవరి దగ్గరా లేదు.

ఆ హామీ లేకపోవడం వల్లనే ఆపరేషన్ తర్వాత కీమోథెరపీ వస్తుంది. ఈ జబ్బులోని అసలు తాత్విక చిక్కు ఇక్కడుంది. కనబడే గడ్డ తీసేశారు. ఒంట్లో ఇంకా కణాలు మిగిలాయో లేదో ఏ స్కానూ చెప్పలేదు. మిగిలాయేమోనని మందు ఇస్తారు. లెక్క కోసం ఒకేలాంటి జబ్బున్న వందమందిని తీసుకుందాం. ఆపరేషన్‌తోనే 80 మందికి తిరగబెట్టదనుకుందాం, కీమో వల్ల ఇంకో ఆరుగురు గట్టెక్కుతారనుకుందాం, 14 మందికి కీమో ఇచ్చినా తిరగబెడుతుంది. అందరూ అవే సూదులు పొడిపించుకుంటారు, అందరికీ అదే వాంతి, అదే నీరసం. పదేళ్ల తర్వాత 86 మంది బాగుంటారు. ఆ 86 మందిలో మందు కాపాడిన ఆరుగురు ఎవరు? వాళ్లకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు, ఎప్పటికీ తెలియదు.

గీత రెండో అధ్యాయంలో పని మీదే అధికారం, ఫలం మీద లేదన్న బోధ ఉంది. దాన్ని చాలామంది ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న నీతిగా చదువుతారు. ఆశ లేకుండా కీమోకు ఎవరు వెళ్తారు? బతకాలన్న ఆశే కదా ఆ మంచం ఎక్కించేది. ఈ మంచం పక్కన నిలబడి చదివితే ఆ మాట నీతిలా ఉండదు, ఉన్న పరిస్థితిని ఉన్నట్టు చెప్పినట్టుంటుంది. ఇక్కడ ఫలం చేతిలో లేకపోవడం ఒక్కటే కాదు, వచ్చాక కూడా అది ఈ పని ఫలమేనని గుర్తుపట్టే వీలుండదు. నిర్ణయం సరైనదా కాదా అన్నది ఫలితాన్ని బట్టి తేల్చే దారి మూసుకుపోయినప్పుడు, నిర్ణయించే రోజున తెలిసినదాన్ని బట్టే దాన్ని తూచాలి. కీమో వద్దనుకుని బాగున్నామె తెలివైనదనీ, కీమో చేయించుకుని పోయినామె మోసపోయిందనీ ఊళ్లో చెప్పుకునే కథలన్నీ ఈ తూకం తెలియనివే.

వైద్యశాస్త్రం ఈ చీకటిని కొంత తగ్గించింది. హార్మోన్‌కు స్పందించే రకం క్యాన్సర్‌లో గడ్డ ముక్క నుంచి 21 జన్యువుల్ని చూసి, తిరగబెట్టే అవకాశాన్ని అంకెల్లో చెప్పే పరీక్ష వచ్చింది. పదివేల మందికి పైగా పాల్గొన్న టేలర్‌ఎక్స్ అధ్యయనం 2018లో వెలువడింది. చంక గ్రంథులకు పాకని ఈ రకంలో, ఆ అంకె మధ్యస్థంగా ఉన్న చాలామందికి హార్మోన్ మాత్రలే సరిపోతాయని, కీమో అదనంగా మేలు చేయదని అందులో తేలింది. 50 ఏళ్లలోపు వాళ్లలో కొందరికి మాత్రం మేలు కనబడింది. చీకటి తగ్గిందే గాని తెల్లవారలేదు. అంకె గుంపు గురించి చెబుతుంది, కుర్చీలో కూర్చున్నది ఒక్క మనిషి.

ఈ మందుల కథలో తెలుగువాడొకడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకుని, ఆ తర్వాత వైద్యం వైపు మళ్లాడు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే మందుల్నీ తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆయన 1948లో చనిపోయాడు. మిలాన్‌లో జాన్నీ బొనడోన్నా 1976లో రొమ్ము ఆపరేషన్ తర్వాత మూడు మందుల కలయిక ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపాడు, ఆ మూడింటి నడుమ ఉన్నది మెథోట్రెక్సేటే. కాషాయం కట్టాలనుకున్నవాడి పనికి వచ్చిన ఫలం ఆయన చూడలేదు, ఆ ఫలం అందుకున్నవాళ్లకూ ఆయన పేరు తెలియదు.

నిర్ణయం ఎవరిదన్నది ఇంకో చిక్కు. రిపోర్టు ముందుగా భర్త చేతికో కొడుకు చేతికో వస్తుంది. వరండాలో డాక్టర్ని ఆపి ‘ఆవిడకు చెప్పకండి సార్, తట్టుకోలేదు’ అంటారు. దీనికి పాత ఆధారం లేకపోలేదు. రోగి ఆయుష్షు తగ్గిపోతోందని తెలిసినా, చెబితే రోగికో పక్కవాళ్లకో దెబ్బ తగిలే చోట వైద్యుడు చెప్పకూడదని చరకుడి శిష్యోపదేశంలో ఉంది. కానీ ఆ మాట దగ్గరపడిన మరణం గురించినది. చికిత్స ఎంచుకోవలసిన మనిషికి జబ్బు పేరే చెప్పకపోవడానికి దాన్ని సాయం తెచ్చుకోవడం కుదరదు. పైగా దాచడం ఎన్నాళ్లు సాగుతుంది? ‘గడ్డ తీశారంతే’ అని నమ్మించినామె కీమో వార్డులో పక్క మంచం మీద మనిషిని చూసి పది నిమిషాల్లో తెలుసుకుంటుంది. తెలియదన్నట్టు నటించే బరువు అప్పటినుంచి ఆమె మీద కూడా పడుతుంది.

అమెరికాలో 1970ల దాకా స్త్రీకి మత్తిచ్చి, ముక్క తీసి పరీక్షించి, క్యాన్సరైతే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. రొమ్ము ఉందో పోయిందో మెలకువ వచ్చాక తడుముకుని తెలుసుకోవడమే. రోజ్ కుష్నర్ అనే జర్నలిస్టు 1974లో తనకు జబ్బు వచ్చినప్పుడు దీన్ని ఎదిరించింది. పరీక్ష వేరు, చికిత్స వేరుగా జరగాలని 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం తేల్చింది, ఆ సంఘంలో ఆమె కూడా సభ్యురాలు. మన సుప్రీంకోర్టు 2008లో ఒక గర్భాశయ శస్త్రచికిత్స కేసులో ఇదే సూత్రం చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు అనుమతి కాదు, ప్రాణాపాయం లేనప్పుడు రోగి మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన అనుమతి కూడా చెల్లదు. దీన్ని పడమటి వ్యక్తివాదంగా చూసేవాళ్లు గీత పద్దెనిమిదో అధ్యాయం చివరిదాకా చదవాలి. అంతా చెప్పాక కృష్ణుడంతటివాడు ఇదంతా బాగా విమర్శించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యమని అర్జునుడికే వదిలేస్తాడు.

రోగికే వదిలేసినా ఆమె తన కోసమే నిర్ణయించుకుంటుందని నమ్మకం లేదు. ‘నా ఒక్కదాని కోసం అంత డబ్బా, అమ్మాయి పెళ్లికి దాచింది కదా’ అన్న మాట ఆస్పత్రి గదుల్లో తరచూ వినబడేదే. అది త్యాగమా, తన ప్రాణం విలువ తనకు ఎవరూ నేర్పకపోవడమా అన్నది బయటివాళ్లు తేల్చగలిగేది కాదు. ఆ మాటను కాదనకుండా వినేసి ఊరుకునే ఇల్లు మాత్రం నిర్ణయంలో తన వాటా తాను తీసుకున్నట్టే.

ఆపరేషన్ రోజు పొద్దున గాజులు, నల్లపూసలు, మంగళసూత్రం తీసి ఇవ్వమంటారు. మెడలో పసుపుతాడైనా ఉండనివ్వమని నర్సును బతిమాలేవాళ్లుంటారు. కీమో మొదలైన రెండు మూడు వారాలకు దిండు మీద జుట్టు కుచ్చులుగా కనబడుతుంది. జుట్టు విషయంలో తెలుగువాళ్లది వింత పరిస్థితి. తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్లు గుండు చేయించుకుని చందనం పూసుకుని వీధిలో నడిస్తే అది భక్తి. అదే గుండు వితంతువు తల మీద ఒకప్పుడు శిక్షగా ఉండేది. కీమో గుండుకు ఈ రెండు అర్థాల్లో ఏదీ సరిపోదు, అందుకే చున్నీ కప్పుకోవలసి వస్తుంది. మందు మొదలవకముందే తలనీలాలు ఇచ్చి వచ్చే స్త్రీ చేసేది చిన్న పని కాదు. ఎలాగూ పోయేదాన్ని తానే ఇచ్చినట్టు మార్చుకుంటుంది. అమెరికన్ కవి ఆడ్రీ లార్డ్ 1978లో రొమ్ము తీయించుకుని, దానికి ఎదురు దారి పట్టింది. కృత్రిమ రొమ్ము పెట్టుకోనని తేల్చి చెప్పింది. పెట్టుకోకుండా వస్తే ఇక్కడివాళ్ల మనోబలం దెబ్బతింటుందని డాక్టరు క్లినిక్‌లోని నర్సు మందలించిన సంగతి 1980 నాటి తన పుస్తకంలో రాసుకుంది. దేహం నేను కాదని వేదాంతం చెబుతుంది. ఆ మాట దేహం నిండుగా ఉన్నవాళ్లు చెప్పడం తేలిక. లార్డ్‌కైనా కల్యాణకట్ట మెట్లెక్కిన ఆమెకైనా పోయినదాన్ని పోయిందని ఒప్పుకోవడమే మొదటి మెట్టు.

కోలుకోవడం ఇంచుల్లో మొదలవుతుంది. పక్కన వేలాడే డ్రెయిన్ సీసాలో రోజూ గాయం నుంచి ఎన్ని మిల్లీలీటర్ల నీరు దిగిందో రాసుకోవాలి. తగ్గాక గొట్టం తీస్తారు. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి ఆ పక్క చేతివేళ్లను సాలీడులా పైకి పాకించాలి, ఎంతవరకు వెళ్లిందో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. చంక గ్రంథులు తీసిన చేతికి సూది పొడిపించుకోకూడదు, బిగుతు గాజులు వేసుకోకూడదు, బిందె మొయ్యకూడదు అని చెబుతారు. ఈలోపు చుట్టాలు ‘తగ్గిందా?’ అని అడుగుతారు. జ్వరానికైతే ఆ ప్రశ్నకు జవాబుంటుంది. డాక్టరు మాత్రం ‘ప్రస్తుతానికి జాడ లేదు’ అంటాడు, అంతకు మించి అనలేడు. హార్మోన్‌కు స్పందించే రకంలో ఐదేళ్లు మాత్రలు వాడి ఆపేసిన 62 వేల మందికి పైగా స్త్రీల వివరాలతో 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. గడ్డ చిన్నదై, చంకకు పాకనివాళ్లలో కూడా ఆ తర్వాతి పదిహేనేళ్లలో శరీరంలో మరోచోట జబ్బు తేలే అవకాశం 13 శాతం దాకా ఉందని అందులో కనబడింది. నూటికి 87 మందికి తేలదన్నదీ అదే అంకె. ఏ వైపు నుంచి చదవాలన్నది రోజును బట్టి మారుతుంది, మూడు నెలల చెకప్‌కు ముందు రాత్రి ఒకలా, మర్నాడు సాయంత్రం ఇంకోలా.

మిగిలింది మాత్ర. హార్మోన్‌కు స్పందించే రకానికి ఇచ్చే టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు రోజుకొకటి చొప్పున ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. ఐదేళ్లకు 1,826 మాత్రలు. వేసుకున్నామో లేదో గుర్తుండదని కొందరు గోడ క్యాలెండర్ పక్కన పెన్ను వేలాడదీసి, మాత్ర మింగగానే ఆ తేదీ మీద చుక్క పెడతారు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అచ్చేసిన ఆ చిన్న గడిలోనే ఆ చుక్కకూ చోటు సరిపోతుంది.